గోయా 43వ బొమ్మ కింద తెలుగులో ఏం రాయాలి?

పుస్తకాలగది (శుక్రవారం, రాత్రి 8:50)

అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న ఊళ్లో గ్రంథాలయం చూసుకుంటాను. పిల్లలు కూర్చుని చదువుకునే గదిలో ఒక గోడ ఖాళీగా ఉంటే, నాకు చాలా ఏళ్లుగా ఇష్టమైన బొమ్మ ఒకటి ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాను. మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకాయన బల్ల మీద వాలిపోయి చేతుల్లో ముఖం దాచుకుని నిద్రపోతుంటాడు, వెనక చీకట్లోంచి గుడ్లగూబలు, గబ్బిలాలు ముసురుకుని మీద మీదకు వస్తుంటాయి, కింద మూలన పెద్ద పిల్లిలాంటి జంతువు పడుకుని ఉంటుంది. స్పెయిన్ చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా 1799లో అచ్చువేసిన 'లోస్ కాప్రిచోస్' అనే 80 బొమ్మల వరుసలో ఇది 43వది.

ఆ బల్ల పక్కభాగం మీద స్పానిష్‌లో ఒక వాక్యం చెక్కి ఉంది. దాన్ని తెలుగులో రాసి ఫ్రేము కింద అతికించాలని నా కోరిక. నాకు స్పానిష్ రాదు. ఇంగ్లీషులో వెతికితే ఒకచోట 'నిద్ర' అని ఉంది, ఇంకోచోట 'కల' అని ఉంది. రెండూ ఒకటి కావు కదా, వాక్యం అర్థమే మారిపోతోంది. రెండు రోజులుగా కాగితం మీద రాయడం, కొట్టేయడం. దయచేసి సాయం చేయండి. సోమవారం ఫ్రేము తగిలించాలి.

ప్రశ్న_మానను (శుక్రవారం, రాత్రి 9:15)

మేడమ్, ముందుగా అభినందనలు, పిల్లల గదిలో పెట్టడానికి ఇంతకంటే మంచి బొమ్మ లేదు. నా మాట సూటిగా చెప్తాను. "ఆలోచన నిద్రపోతే భూతాలు పుడతాయి." ఇంతే. పదో తరగతి పిల్లాడికి కూడా ఒక్కసారి చదివితే అర్థం కావాలి.

గోయా ఈ వరుస వేసింది మనుషుల మూఢనమ్మకాల మీద, మూర్ఖత్వం మీద. 12వ బొమ్మ చూడండి, ఉరి తీసిన మనిషి నోట్లోంచి ఒకావిడ పళ్లు పీకుతుంటుంది, మంత్రాలకు పనికొస్తాయని. భయంతో ముఖం పక్కకు తిప్పుకుని బట్ట అడ్డం పెట్టుకుంటుంది గానీ చెయ్యి మాత్రం పళ్ల దగ్గరే ఉంటుంది. 3వ బొమ్మ పేరు 'కే వియేనె ఎల్ కోకో', అంటే అచ్చంగా మన "అదిగో బూచాడొస్తున్నాడు". ముసుగు కప్పుకున్న ఒక ఆకారం నిలబడి ఉంటే పిల్లలు తల్లిని పట్టుకుని ఏడుస్తుంటారు. లేనిదాన్ని చూపించి పిల్లల్ని భయపెట్టి పెంచడం తప్పని ఆ బొమ్మకు ఆ రోజుల్లో రాసిన వ్యాఖ్యలోనే ఉంది. 37వ బొమ్మలో గాడిద పాఠం చెప్తుంది, 39లో గాడిద తన వంశవృక్షం చూపించుకుంటుంది, అందులో తాతలూ ముత్తాతలూ అందరూ గాడిదలే. ఇంత స్పష్టంగా మాట్లాడిన మనిషి 43వ బొమ్మలో మాత్రం పొడుపుకథ వేస్తాడా?

మాడ్రిడ్_నుంచి (శుక్రవారం, రాత్రి 11:40)

ఏడేళ్లుగా ఇక్కడే ఉద్యోగం చేసుకుంటున్నాను కాబట్టి స్పానిష్ సంగతి నేను చెప్పగలను. వాక్యం ఇది: "ఎల్ సుయెన్యో దె లా రథోన్ ప్రొదూథె మోన్‌స్త్రువోస్." 'రథోన్' అంటే వివేకం, 'ప్రొదూథె' అంటే పుట్టిస్తుంది, 'మోన్‌స్త్రువోస్' అంటే భూతాలు. చిక్కంతా 'సుయెన్యో' అనే మాట దగ్గరే ఉంది. ఇక్కడ నాకు నిద్ర వస్తోంది అనాలంటే "తెంగో సుయెన్యో" అంటాం. రాత్రి కల వచ్చింది అన్నా ఇదే మాట. లాటిన్‌లో నిద్రకు సోమ్నుస్, కలకు సోమ్నియుమ్ అని రెండు వేర్వేరు మాటలుండేవి, స్పానిష్‌లోకి వచ్చేసరికి రెండూ కలిసిపోయి ఒకటే మిగిలింది. కాబట్టి "వివేకం నిద్ర" అన్నా కరెక్టే, "వివేకం కన్న కల" అన్నా కరెక్టే. స్పానిష్ వాళ్లకు ఆ రెండూ ఒకేసారి వినపడతాయి, ఎంచుకోవాల్సిన అవసరమే రాదు. మనకే ఈ ఇబ్బంది.

ఇంకో సంగతి. ఈ బొమ్మకు గోయా ముందుగా గీసిన చిత్తు బొమ్మలు రెండు ఇక్కడ ప్రాదో మ్యూజియంలో ఉన్నాయి. ఒకదాంట్లో నిద్రపోయే మనిషి తల పైన గోయా సొంత ముఖం కనపడుతుంది. రెండోదాంట్లో బల్ల మీద 'విశ్వభాష' అనీ, 1797లో గోయా గీసి చెక్కిందనీ ఉంటుంది. ఆ కాగితం కింద ఆయన చేతిరాత: రచయిత కలగంటున్నాడు, అతని ఉద్దేశం ఒక్కటే, హానిచేసే మూఢ విశ్వాసాలను వెళ్లగొట్టి ఈ బొమ్మలతో సత్యానికి గట్టి సాక్ష్యం నిలపడం. అప్పటికి ఈ వరుస పేరు కాప్రిచోస్ కాదు, 'సుయెన్యోస్', అంటే కలలు. ఇదే మొదటి బొమ్మగా, పుస్తకం ముఖద్వారంలా ఉండాల్సింది. తర్వాత ఎందుకో మనసు మార్చుకుని మొదటి బొమ్మగా పొడుగు టోపీ పెట్టుకున్న తన ముఖాన్ని వేసి, దీన్ని మధ్యకు తీసుకొచ్చాడు. దీని తర్వాతే మంత్రగత్తెలూ దయ్యాలూ ఎక్కువగా వచ్చేది.

ప్రశ్న_మానను (శుక్రవారం, రాత్రి 11:58)

చూశారా, ఆయనే రాసుకున్నాడు, మూఢ విశ్వాసాలను వెళ్లగొట్టడం అని. నా వాక్యానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మాడ్రిడ్_నుంచి (శనివారం, అర్ధరాత్రి 12:20)

నిజమే అన్నా, కానీ ఆ మాట చిత్తు బొమ్మ మీద ఉంది, అచ్చులో తీసేశాడు. తీసేసి ఆ స్థానంలో రెండర్థాల వాక్యం పెట్టాడు. అది నాకు ఊరకే జరిగినట్టు అనిపించదు.

రాగిపలక (శనివారం, ఉదయం 7:05)

అర్థాల గురించి పెద్దలు మాట్లాడుతున్నారు, నేను చేతిపని గురించి చెప్తాను. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ప్రింట్‌మేకింగ్ చదివాను, ఇప్పటికీ ఎచింగ్ చేస్తాను. మేడమ్, మీ ప్రింటు ఎంత సైజులో తీయించారు? అసలు బొమ్మ సుమారు 21.5 సెంటీమీటర్ల ఎత్తు, 15 సెంటీమీటర్ల వెడల్పు. మన నోటుపుస్తకం పేజీ అంత. చేతిలో పట్టుకుని ముఖం దగ్గర పెట్టుకుని చూడాల్సిన వస్తువు. అప్పుడే ఆ గుడ్లగూబలు మీ ముఖం మీదకు వచ్చినట్టుంటుంది.

ఇది గీసిన బొమ్మ కాదు, రాగి పలక మీద ఆసిడ్ తినేసిన బొమ్మ. పలక మీద మైనం పూత పూసి సూదితో గీస్తారు, గీసినచోట రాగి బయటపడుతుంది, ఆసిడ్‌లో పెడితే అక్కడే తింటుంది, ఆ గాట్లలో ఇంకు నిలుస్తుంది. అది ఎచింగ్, గీతల పని. గోయా దానికి ఆక్వాటింట్ కలిపాడు. పలక మీద రోజిన్ అనే చెట్టు బంక పొడి సన్నగా చల్లి కింద నుంచి వేడి చేస్తే పొడి కరిగి చిన్న చిన్న చుక్కలుగా అతుక్కుంటుంది. ఆసిడ్ ఆ చుక్కల సందుల్లో తింటుంది. అచ్చు తీస్తే గీత అన్నదే లేకుండా పొగమంచులాంటి బూడిద రంగు వస్తుంది. ఎంతసేపు ఆసిడ్‌లో ఉంచితే అంత నలుపు. ఎక్కడ తెలుపు కావాలో అక్కడ ముందే వార్నిష్ పూసి కాపాడుకోవాలి.

ఇప్పుడు బొమ్మ వెనక భాగం చూడండి. ఆ చీకట్లో గీతలు లేవు, వట్టి ఆక్వాటింటే. దగ్గరున్న పక్షులు స్పష్టంగా ఉంటాయి, వెనక్కి పోయేకొద్దీ గబ్బిలాలు ఆ బూడిదలో కరిగిపోతాయి, ఎన్ని ఉన్నాయో లెక్క తేలదు. గీతలతో మాత్రమే వేసి ఉంటే ఇది రాదు. పలక మీద అక్షరాలు తిరగేసి రాయాలి, అప్పుడే అచ్చులో సరిగ్గా వస్తాయి. అంటే ఆ వాక్యం ఆయన కుడి నుంచి ఎడమకు, అద్దంలో చూసినట్టు, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశాడు. అంత కష్టపడి రాసిన వాక్యంలో మాట పొరపాటున పడదు. నేను మాడ్రిడ్ గారి వైపు.

నల్లబల్ల (శనివారం, ఉదయం 10:30)

ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. అమ్మా, మీ ప్రశ్న రాత్రి చదివి పడుకున్నాను, తెల్లవారుజాము దాకా అదే తిరుగుతోంది.

మాడ్రిడ్ అబ్బాయి చెప్పిన సోమ్నుస్ అనే మాట మనకు కొత్తది కాదు. సంస్కృతంలో స్వప్నం, లాటిన్‌లో సోమ్నుస్, రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. ఇంకో విశేషం, తెలుగులో స్వప్నమంటే కల ఒక్కటే గానీ సంస్కృతంలో నిద్ర కూడా. భగవద్గీత ఆరో అధ్యాయంలో "యుక్తస్వప్నావబోధస్య" అని ఉంది, అక్కడ స్వప్నమంటే కల కాదు, నిద్ర. మితంగా నిద్రపోయి మితంగా మేలుకునేవాడు అని. కాబట్టి సంస్కృతంలో రాయాలంటే స్పానిష్ మాటకు సరిగ్గా సరిపోయే మాట సిద్ధంగా ఉంది. కానీ మన పిల్లలు చదివేది తెలుగు, 'స్వప్నం' అంటే కల అనే అనుకుంటారు. అది పనికిరాదు.

ఇక 'రథోన్' అనే మాట. 'హేతువు' అంటే కారణం, అది నిద్రపోదు. 'తర్కం' పండితుల వాదన. 'ఆలోచన' మరీ వదులు మాట, పిచ్చివాడికీ ఆలోచనలు ఉంటాయి. 'వివేకం' బాగుంది, కానీ అది మంచిచెడ్డలు విడదీసి చూసే గుణం. నాకైతే 'బుద్ధి' నచ్చింది. బుద్ధి తెచ్చుకో, బుద్ధి మందగించింది, బుద్ధి పనిచెయ్యట్లేదు అంటాం. అది మేలుకోగలదు, నిద్రపోగలదు, మనుషుల్లో ఉండే ప్రాణమున్న వస్తువులా వినపడుతుంది.

'మోన్‌స్త్రువోస్'కు రాక్షసులు వద్దు. మన రాక్షసులకు పేర్లుంటాయి, వంశాలుంటాయి, తపస్సులు చేసి వరాలు పొందుతారు. ఈ బొమ్మలో ఉన్నవాటికి పేర్లు లేవు. భూతాలు అంటే చాలు.

నిశ్శబ్దం (శనివారం, మధ్యాహ్నం 1:10)

నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ బొమ్మ కాబట్టి రాస్తున్నాను.

ముప్పై నాలుగేళ్ల వయసులో నాకు జ్వరం వచ్చి తగ్గాక రెండు చెవులూ వినపడటం మానేశాయి. మొదటి ఏడాది నిద్ర అంటే టెన్షన్. బయట శబ్దం లేదు, కానీ తల లోపల హోరు ఆగేది కాదు. కళ్లు మూసుకుంటే ఇక ఏదీ లేదు, ఎవరైనా గదిలోకి వచ్చినా తెలీదు. వెనక ఎవరో ఉన్నారన్న భయం అప్పుడు నాకు రోజూ ఉండేది. గోయా కూడా 1792 చివర్లో జబ్బుపడి, కాదిజ్‌లో స్నేహితుడి ఇంట్లో నెలల తరబడి మంచాన ఉన్నాడు. చూపు, నడకలో తూలడం కుదుటపడ్డాయి గానీ వినికిడి తిరిగి రాలేదు. అప్పటికి ఆయనకు నలభై ఆరు. ఈ బొమ్మలన్నీ ఆ తర్వాత వేసినవే.

ఈ సంగతి తెలిశాక బొమ్మను మళ్లీ చూశాను. గుడ్లగూబ ఎగిరితే రెక్కల చప్పుడు రాదు. వినపడే మనుషులకే రాదు. అన్ని పక్షులు వెనక నుంచి మీదకు వస్తున్నా ఆ మనిషి తల ఎత్తడు. అందరూ బుద్ధి గురించి మాట్లాడుతున్నారు, అది తప్పు కాదు, నాకు మాత్రం అందులో ఒక చెవిటి మనిషి కనపడతాడు, తన వెనక ఏముందో తెలియని మనిషి. తెలుగు వాక్యం ఏది పెట్టినా ఆ భయం పోకుండా చూడండి. మరీ పాఠంలా చేయొద్దు.

పుస్తకాలగది (శనివారం, మధ్యాహ్నం 1:45)

నిశ్శబ్దం గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. మీరు రాసినందుకు చాలా సంతోషం. ఇన్నేళ్లు చూసిన బొమ్మ ఇప్పుడు వేరేగా కనపడుతోంది.

ప్రశ్న_మానను (శనివారం, సాయంత్రం 4:00)

నిశ్శబ్దం గారి మాట నన్నూ కదిలించింది. కానీ నా భయం చెప్తాను. "బుద్ధి కన్న కల" అని రాస్తే పిల్లలు ఏమనుకుంటారు? బుద్ధే భూతాలను పుట్టిస్తుంది, ఎక్కువ ఆలోచిస్తే పిచ్చెక్కుతుంది అని. మన ఊళ్లలో ఇప్పటికే ఆ మాట చాలామంది అంటారు, ఎక్కువ చదివితే మతి పోతుందని. చదువుకునే గదిలో ఆ మాట గోడకెక్కడం నాకు ఇష్టం లేదు. అది గోయాకు కూడా అన్యాయం. ఆయన స్నేహితులంతా ఎవరు? హోవెల్యానోస్, మొరతిన్, మెలెందెజ్ వాల్దేస్, అందరూ చదువు, చట్టం, సంస్కరణ కోసం పాటుపడ్డవాళ్లు. హోవెల్యానోస్ న్యాయశాఖ మంత్రిగా పనిచేశాడు, 1801లో పట్టుకుని మయోర్కా దీవిలో ఏళ్ల తరబడి బంధించారు. ఇన్‌క్విజిషన్, అంటే మతానికి ఎదురు మాట్లాడినవాళ్లను విచారించి శిక్షించే చర్చి కోర్టు, ఇంకా బతికే ఉన్న దేశం అది.

మాడ్రిడ్_నుంచి (శనివారం, సాయంత్రం 6:30)

హోవెల్యానోస్ పేరు వచ్చింది కాబట్టి: 1798లో గోయా వేసిన ఆయన చిత్తరువు ప్రాదోలో ఉంది. బల్ల ముందు కూర్చుని, చేతి మీద తల ఆనించుకుని, కాగితాల మధ్య అలసిపోయి మనవైపు చూస్తుంటాడు, వెనక జ్ఞానదేవత మినర్వా విగ్రహం. నాకు ఎప్పుడు చూసినా ఆయన ఇంకో గంటలో తల వాల్చేస్తాడనీ, వాలిస్తే 43వ బొమ్మ అవుతుందనీ అనిపిస్తుంది. మినర్వా పక్షి గుడ్లగూబే కదా. కానీ స్పెయిన్‌లో ఆ రోజుల్లో గుడ్లగూబ తెలివికి గుర్తు కాదు, మూర్ఖత్వానికి గుర్తు. ఒక గుడ్లగూబ ఏకంగా బొమ్మలు గీసే సుద్దకలాన్ని పట్టుకుని నిద్రపోయేవాడికి అందిస్తోంది, గమనించారా? లేచి గీయమంటోందా, నిద్రలోనే గీయమంటోందా? నాకు ఇప్పటికీ తేలలేదు.

మీరన్న భయం నాకు అర్థమైంది అన్నా. కానీ 1799 నాటికి ఫ్రాన్స్ విప్లవంలో ఏం జరిగిందో గోయా విన్నాడు. బుద్ధి పేరు చెప్పుకునే తలలు నరికే గిలటిన్లు నడిపారు. 1808లో ఫ్రెంచి సైన్యం మాడ్రిడ్‌కు వచ్చాక జరిగినవి గోయా తర్వాత 82 పలకల మీద చెక్కాడు, వాటిలో 80 ఆయన పోయిన ముప్పై ఐదేళ్లకు, 1863లో గానీ అచ్చుకాలేదు. ఆ యుద్ధాన్ని వెనక్కి తెచ్చి ఈ బొమ్మలో చదవడం సరికాదని ఒప్పుకుంటాను. అయినా బుద్ధి కలలకు కూడా రక్తం అంటుతుందని 1799లో తెలియని మనిషి యూరప్‌లో లేడు.

రాగిపలక (శనివారం, రాత్రి 8:15)

ఎంత ధైర్యమో చూడండి, ఇవన్నీ మాడ్రిడ్‌లో అమ్మకానికి పెట్టాడు. పుస్తకాల షాపులో కాదు, అత్తర్లు, మద్యం అమ్మే కొట్లో. 1799 ఫిబ్రవరి 6న పత్రికలో ప్రకటన వచ్చింది, 80 బొమ్మల సెట్టు 320 రియాళ్లు. 27 సెట్లు అమ్ముడయ్యాక ఆపేశాడు. 1803లో పలకలన్నీ, మిగిలిన 240 సెట్లూ రాజుకు ఇచ్చేసి, కొడుక్కి పింఛను అడిగి తీసుకున్నాడు. అలా ఇచ్చాడు కాబట్టే ఆ రాగి పలకలు కరిగిపోకుండా ఇప్పటికీ మాడ్రిడ్‌లోని సాన్ ఫెర్నాందో అకాడమీలో ఉన్నాయి.

మాడ్రిడ్_నుంచి (శనివారం, రాత్రి 8:40)

ఆ కొట్టు ఉన్న వీధి పేరు 'దెసెంగాన్యో', భ్రమ తొలగిపోవడం అని అర్థం. పేరు ఆయన పెట్టింది కాదు, అంతకు ముందు నుంచే ఉంది. నేను ఆఫీసుకు వెళ్లే దారిలోనే, గ్రాన్ వియా వెనక.

నల్లబల్ల (ఆదివారం, ఉదయం 6:10)

దొరికింది అనుకుంటున్నాను. రాత్రి మా మనవరాలు "నిన్న కల కన్నాను తాతయ్యా" అంది, ఠక్కున లేచి కూర్చున్నాను.

ఇంతసేపూ మనం 'సుయెన్యో' దగ్గరే వెతుకుతున్నాం. నిద్ర అనాలా, కల అనాలా అని. ఆ రెండర్థాలు తెలుగులో ఆ మాట దగ్గర లేవు, వాక్యం చివర క్రియ దగ్గర ఉన్నాయి. 'కను' అనే క్రియ ఉంది మనకు. బ్రౌన్ నిఘంటువు తీసి చూడండి, చూచు అనే అర్థమూ ఉంది, ప్రసవించు అనే అర్థమూ ఉంది. కన్నతల్లి అన్నా, పిల్లల్ని కనడం అన్నా పుట్టించడం. కనపడటం, కనిపెట్టడం, కల కనడం అన్నా చూడటం. స్పానిష్ వాళ్లు 'పుట్టించును' అన్నచోట మనం 'కంటుంది' అంటే చాలు.

"బుద్ధి నిద్రలో భూతాలను కంటుంది."

నిద్రపోతున్న బుద్ధికి కలలో భూతాలు కనపడుతున్నాయని చదవండి, సరిపోతుంది. నిద్రపోతున్న బుద్ధి భూతాలకు జన్మనిస్తోందని చదవండి, అదీ సరిపోతుంది. 'నిద్రపోతే' అని షరతు పెట్టనక్కర్లేదు, స్పానిష్‌లో 'అయితే' అన్న మాట లేదని అబ్బాయి చెప్పిన వాక్యం చూస్తేనే తెలుస్తోంది. షరతు పెడితే మందలింపు అవుతుంది, నిశ్శబ్దం గారు వద్దన్నది అదే.

మాడ్రిడ్_నుంచి (ఆదివారం, ఉదయం 11:20)

మాస్టారూ, ఇప్పుడే లేచి చదివాను. ఒళ్లు జలదరించింది. ఎందుకో చెప్తాను. ఈ బొమ్మకు ఆ కాలంలో రాసిన ఒక వ్యాఖ్య ప్రాదోలో చేతిరాత ప్రతిగా ఉంది. గోయాయే రాశాడా, స్నేహితులెవరైనా రాశారా అన్నది తేలలేదు. అందులో ఇలా ఉంది: బుద్ధి వదిలేసిన ఊహ అసాధ్యమైన భూతాలను పుట్టిస్తుంది, బుద్ధితో కలిసిన ఊహ కళలకు తల్లి, వాటి అద్భుతాలకు మూలం. తల్లి అనే మాట అక్కడే ఉంది! మీ 'కంటుంది'లో ఆ తల్లి కూడా వచ్చేసింది, మీకు ఈ వ్యాఖ్య తెలియకుండానే.

ప్రశ్న_మానను (ఆదివారం, మధ్యాహ్నం 12:05)

ఆ వ్యాఖ్య నేను మర్చిపోయాను. అది ఉంటే నా అభ్యంతరం చాలావరకు తీరినట్టే, ఎందుకంటే తప్పు ఊహదీ కాదు, బుద్ధిదీ కాదు, అవి విడిపోవడానిది. మాస్టారి వాక్యానికి ఒప్పుకుంటున్నాను. ఒక్క విన్నపం మేడమ్, ఈ వ్యాఖ్యను కూడా చిన్న అక్షరాలతో కింద రాయండి. చదవాలనుకున్న పిల్లలు వంగి చదువుతారు.

నిశ్శబ్దం (ఆదివారం, మధ్యాహ్నం 12:30)

నాకూ బాగుంది. భయం ఉంది అందులో.

పుస్తకాలగది (ఆదివారం, రాత్రి 7:30)

రాసేశాను. నల్ల ఇంకుతో, తెల్ల చార్టు మీద, మాస్టారి వాక్యం పెద్దగా, వ్యాఖ్య చిన్నగా. రాగిపలక గారి మాట విని పెద్ద ఫ్రేము పక్కన పెట్టి, అసలు సైజులో ఇంకోటి తీయించాను. అది పిల్లల ముఖాలకు సరిగ్గా ఎదురుగా, కిందకు తగిలిస్తాను.

సాయంత్రం సర్దుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి చాలాసేపు చూసి అడిగింది: "మేడమ్, ఆ మూల ఉన్న పెద్ద పిల్లి ఎందుకు నిద్రపోవట్లేదు?" నాకు జవాబు తెలీలేదు. అది నిజంగానే కళ్లు పెద్దవి చేసుకుని మేలుకుని ఉంది. మనం రెండు రోజులు మాట్లాడుకున్నాం, దాని గురించి ఒక్కరమూ అనుకోలేదు.

రాగిపలక (ఆదివారం, రాత్రి 8:10)

అది లింక్స్, స్పెయిన్ అడవుల్లో ఉండే పెద్ద పిల్లి. ఆయన కుర్చీ దగ్గరే, నేల మీద పడుకుని ఉంటుంది. చీకట్లో కూడా చూడగల జంతువని యూరప్‌లో దానికి పాత పేరు. రోమ్‌లో 1603లో పెట్టిన విజ్ఞాన సంఘానికి దాని పేరే పెట్టుకున్నారు, గెలీలియో అందులో సభ్యుడు. ఆ బొమ్మలో వెనక గబ్బిలాలు ఆక్వాటింట్ బూడిదలో సగం కరిగిపోయి ఉంటే, దాని కళ్లు మాత్రం స్పష్టంగా తెరుచుకుని ఉంటాయి. ఆ అమ్మాయికి భూతద్దం ఇచ్చి కళ్లు చూడమనండి.

పుస్తకాలగది (ఆదివారం, రాత్రి 8:25)

భూతద్దం ఉంది నా దగ్గర. రేపు బడి వదిలాక వస్తానంది.